ట్రంకు పెట్టె దించాక

మా బాబాయి ఇరవై నాలుగేళ్ల సర్వీసు ముగించుకుని హవల్దారుగా ఇంటికొచ్చిన రోజు ఆటోలోంచి ముందు దిగింది నల్ల ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. పిన్ని బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఉంచింది. ఆయన బట్టలు అందులోకి మారలేదు. పెట్టె మంచం కింద, తాళంచెవి మొలతాడుకు. నాలుగున్నరకే లేచి పెట్టె ముందుకు లాగడం, ఒక చొక్కా తీసుకోవడం, మిగతావాటి మడత చెదరకుండా సర్ది మళ్లీ తాళం వేయడం. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు పిన్ని మా అమ్మతో అంది: "అక్కా, ఈయన ఇంకా లీవులోనే ఉన్నారు."

ఆ మాట ఎంత లోతైనదో తెలియాలంటే జవాను లీవు లెక్క తెలియాలి. ఏడాదికి అరవై రోజుల యాన్యువల్ లీవు, ముప్పై రోజుల క్యాజువల్ లీవు. ఆ రోజుల్లో ఇంట్లో ఆయన అతిథి. కోడి కోస్తారు, బంధువులొస్తారు, పిల్లల్ని బడి మాన్పించి మరీ తిప్పుతారు. గొడవలేవైనా ఉంటే "ఆయన వెళ్లాక చూసుకుందాం" అనుకుంటారు. వీధిలో ఎదురైన ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఎప్పుడొచ్చావు, మళ్లీ ఎప్పుడెళ్తావు?" ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నకు ఒక తేదీ జవాబుగా ఉంది. డిశ్చార్జి అయ్యాక అరవై ఒకటో రోజున అదే ప్రశ్న ఎదురైతే చెప్పడానికి ఏమీ ఉండదు. సైనికుడికి అసలు కష్టం ఆ రోజు మొదలవుతుంది.

బడి మాస్టారు అరవై దాటాక రిటైరవుతాడు. అప్పటికి పిల్లల పెళ్లిళ్లు అయి ఉంటాయి, ఇల్లు కట్టి ఉంటుంది. సైన్యానికి వయసులో ఉన్న ఒళ్లు కావాలి కాబట్టి సిపాయిగా చేరినవాడు నలభైకి అటూ ఇటూగా బయటికొస్తాడు. పదిహేనేళ్లు నిండితే పింఛనుకు అర్హత, ఆ పింఛను చివరి జీతంలో సగం. త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది ఇలా వస్తుంటారు. పెద్దపిల్ల ఇంటర్లో ఉంటుంది, పిల్లవాడు ఎనిమిదిలో ఉంటాడు, ఇంటి మీద అప్పు సగమే తీరి ఉంటుంది. ఖర్చు నెత్తికెక్కే వయసులోనే జీతం సగానికి పడిపోతుంది. ఊరు మాత్రం "పింఛనొస్తుంది, క్యాంటీనుంది, నీకేం" అంటుంది. ఆ "నీకేం" విని ఎంతమంది నోరు మూసుకున్నారో నాకు తెలుసు.

డబ్బు సంగతి కొంతవరకు లెక్కకు అందుతుంది. లెక్కకు అందనిది ఇంకొకటుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు శిక్షణ సెంటర్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, జుట్టు ఎంత ఉండాలో, ఏ ఊరికి పోవాలో వేరేవాళ్లు చెబుతారు. జ్వరమొస్తే ఎంఐ రూముకు, అంటే యూనిట్లోని వైద్యుడి గదికి, పంపేవాళ్లుంటారు, లీవు కాగితం మీద సంతకం పెట్టేవాళ్లుంటారు. దానికి బదులుగా అతను నేర్చుకునే మొదటి పాఠం అడగకపోవడం. కష్టంగా ఉందని అనకూడదు. కాలు నొప్పిగా ఉందని వరుసలోంచి తప్పుకోకూడదు. చెప్పింది చేస్తే కావాల్సింది వచ్చి తీరుతుంది. నిజంగానే వస్తుంది కూడా.

బయటి ప్రపంచం దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ అడిగినవాడికే అందుతుంది. బ్యాంకు కౌంటరు దగ్గర, తహసీల్దారు ఆఫీసులో, కొడుకు కాలేజీలో, ఆస్పత్రిలో ఒకటికి నాలుగుసార్లు అడగాలి, గట్టిగా అడగాలి, తెలిసినవాళ్లతో చెప్పించాలి. మాజీ సైనికుల కోసం మన దేశంలో ఉన్న సాయం తక్కువేమీ కాదు. అదంతా అడిగితేనే తెరుచుకునే తలుపుల వెనక ఉంది. ఇరవై ఏళ్లు అడగకుండా బతకడం నేర్పి, ఒక్క రోజులో అడిగి బతకమంటున్నాం. ఈ చిక్కుముడిలో మిగతా పోగులన్నీ ఇక్కడికే వచ్చి చేరతాయని నా నమ్మకం.

ఉద్యోగం సంగతి చూడండి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో మాజీ సైనికులకు 10 శాతం, గ్రూప్-డి స్థాయిలో 20 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో అవి 14.5, 24.5 శాతం. అందులో 4.5 శాతం వికలాంగులైన సైనికులకు, పోరులో చనిపోయినవారి కుటుంబాలకు. వయసు లెక్కలో సర్వీసు కాలమంతా తీసేసి పైన ఇంకో మూడేళ్లు సడలిస్తారు. కాగితం మీద ఇంత ఉన్నా ఆ కోటాలు నిండవు. నలభై ఏళ్ల మనిషి ఇరవై నాలుగేళ్ల పిల్లలతో కలిసి కంప్యూటరు ముందు కూర్చుని నిమిషానికో లెక్క చెయ్యాలి. అతను పుస్తకం ముట్టింది పదో తరగతిలోనో ఇంటర్లోనో. పైగా చాలా నోటిఫికేషన్లు డిగ్రీ అడుగుతాయి.

డిగ్రీకి ఒక దారి మన దగ్గరే ఉంది. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ రక్షణ దళాలతో ఒప్పందం చేసుకుని, సర్వీసులో పొందిన శిక్షణను లెక్కలోకి తీసుకుని డిగ్రీ ఇస్తోంది. మెట్రిక్ చదివి పదిహేనేళ్లు సర్వీసు చేసినవారిని గ్రూప్-సి కొలువులు కొన్నింటికి డిగ్రీతో సమానంగా చూసే వెసులుబాటు కూడా కేంద్ర నిబంధనల్లో ఉంది. డిగ్రీ లేదని దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ రెండూ తెలుసు?

ఇంకో మెలిక ఉంది, దీనికి బలైనవాళ్లు ఎక్కువ. మాజీ సైనికుడి కోటాలో ఒకసారి ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే మళ్లీ ఆ కోటా వాడుకోవడానికి ఉండదు. తొందరపడి దొరికిన మొదటి చిన్న ఉద్యోగంలో చేరి, ఆర్నెల్లకు బ్యాంకు ఫలితాలొచ్చాక నెత్తి పట్టుకున్నవాళ్లున్నారు. దీనికీ ఒక మినహాయింపు ఉంది. చేరేముందు తాను ఇంకా ఏయే ఉద్యోగాలకు ఏ తేదీన దరఖాస్తు చేశాడో డిక్లరేషన్ రాసి ఇస్తే, వాటికి కోటా వర్తిస్తుంది. ఒక్క పేజీ కాగితం. చేరేరోజున ఆ కాగితం ఇమ్మని పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి.

ఈ పరీక్షల జోలికి వెళ్లలేనివాళ్లు సెక్యూరిటీ గార్డులవుతారు. ముప్పై మంది ప్లాటూను బాగోగులు చూసిన హవల్దారు అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పాతికేళ్ల సూపర్‌వైజరు "ఏయ్ అంకుల్" అంటే లేచి నిలబడతాడు. పని చిన్నదని నేననడం లేదు. అతని భుజం మీద ఏముండేదో చదవగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు, గుచ్చుకునేది అది. జీతం విషయంలో మాత్రం ఒక తేడా గమనించాలి. రక్షణ శాఖ కింద పనిచేసే పునరావాస డైరెక్టరేట్, అంటే డీజీఆర్, గుర్తించిన సెక్యూరిటీ ఏజెన్సీలు ఉంటాయి. వాటి ద్వారా చేరితే కేంద్రం నిర్ణయించిన కనీస వేతనాలు, పీఎఫ్ వర్తిస్తాయి. మిగతా చోట్ల ఎంతిస్తే అంత.

అదే డీజీఆర్ సర్వీసు చివరి ఏడాదిలో శిక్షణ కోర్సులు కూడా నడుపుతుంది. ఆఫీసర్లు ఐఐఎంలలో ఆరు నెలల మేనేజిమెంటు కోర్సు చేసి కార్పొరేటు ఉద్యోగాల్లోకి వెళ్తారు. జవాన్లకూ కోర్సులున్నాయి, ఏటా దిగిపోయే వేలమందికి అవి సరిపోవు. ఆ చివరి ఏడాది జవాను మనసు కూడా ఇంటి మీదే ఉంటుంది. "ముందు ఇంటికి చేరితే చాలు, తర్వాత చూసుకుందాం" అనుకుంటాడు. ఆ "తర్వాత" చాలా ఖరీదైనది.

చివరి రోజుల్లో జరిగే మెడికల్ బోర్డు దగ్గరా ఇదే తంతు. నడుం నొప్పి, చెవి సరిగా వినపడకపోవడం, బీపీ, నిద్ర లేకపోవడం లాంటివి అక్కడ రాయించుకోవాలి. సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన జబ్బుకు పింఛనులో అదనపు భాగం ఉంటుంది. చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత బయటపడితే, అది సర్వీసు వల్ల వచ్చిందనే ముందు భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదన్నప్పుడు వెళ్లడానికి సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. బోర్డు ముందు "సబ్ ఠీక్ హై సాబ్" అని వచ్చేసినవాడికి ఇవేవీ తేలిగ్గా అందవు. మా బాబాయి అదే అన్నారు. ఆయన ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.

ఇక కాగితాలు. తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది, దీని గురించి రాసినవాళ్లు నాకు కనపడలేదు. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంలో. రికార్డు ఆఫీసులో పేరు రాసుకునే పద్ధతి వేరు. ఒకచోట ఇంటిపేరు చివరికి పోతుంది, ఇంకోచోట అసలు ఉండదు, మరోచోట ఊరి పేరు కలిసిపోతుంది. భార్య పేరు పెళ్లి కొత్తలో పుట్టింటి ఇంటిపేరుతో రాయించి ఉంటారు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలు. మనిషి బతికున్నంతకాలం ఇవేవీ అడ్డురావు. ఆయన పోయిన వారానికి, పదకొండోరోజు కూడా కాకముందే, కుటుంబ పింఛను కోసం వెళ్లిన భార్యతో "ఈ పేరుగల మనిషి మీరు కారు" అంటారు. మా ఎరికలో ఒకావిడ పద్నాలుగు నెలలు తిరిగింది. రికార్డులో నాగమణి, ఆధార్‌లో వెంకట నాగమణి. అంతే తేడా.

సర్వీసులో ఉండగా అయితే యూనిట్లో పార్ట్ టూ ఆర్డరు వేయించుకుంటే పేరు సరైపోతుంది. పెళ్లి, పిల్లలు పుట్టడం, పేరు మార్పు అన్నీ ఆ ఆర్డరుతోనే రికార్డుకెక్కుతాయి. బయటికొచ్చాక కూడా కుదురుతుంది, కాకపోతే అఫిడవిట్లు, ఆధారాలు జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు పంపాలి. పింఛను ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తోంది. ఏటా ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఎనభై ఏళ్ల ముసలాయనకు పాస్‌వర్డు, ఓటీపీ ఎవరు చూపించాలి? మనవడు ఇంట్లో ఉన్నవాడి అదృష్టం బాగుంది.

ఆ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లినవాడికి చాలానే తెలుస్తుంది. గుర్తింపు కార్డు అక్కడే. ఉద్యోగానికి పేరు నమోదు అక్కడే. పిల్లలు ఇంజినీరింగు, మెడిసిన్ లాంటి వృత్తి విద్యలో ఉంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లాడికి 2,500 రూపాయలు. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లు కూడా అక్కడ ఒక మాట అడగాలి. మాజీ సైనికుడికి అసైన్ చేసిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1993లోనే జీవో 1117 ఇచ్చింది. అదే భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఉండిపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. కూతురి పెళ్లికని దాచుకున్న రెండెకరాలు కంటి ముందే ఉంటాయి, పనికి రావు.

వైద్యానికి 2003 నుంచి ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం ఉంది. పింఛనుదారుకు, భార్యకు, ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు పాలీక్లినిక్‌లో చూస్తారు, అవసరమైతే ప్రైవేటు ఆస్పత్రికి పంపుతారు. మంచి ఏర్పాటు. పాలీక్లినిక్ ఉన్న ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణం ఉన్నవాడికి మాత్రం చిన్న జ్వరానికి ఆర్‌ఎంపీయే దిక్కు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. చెప్పడానికి ఎవరూ ఇష్టపడనిది ఇక్కడుంది.

ఆయన లేని ఇరవై ఏళ్లలో ఇల్లు ఆగిపోలేదు. కౌలు మాట్లాడింది పిన్ని. చిట్టీ పాడింది పిన్ని. పిల్లవాడికి డెంగీ వచ్చినప్పుడు అర్ధరాత్రి ఆటో పిలిపించింది పిన్ని. అత్తగారు పోయినప్పుడు బాబాయి వచ్చేసరికి రెండో రోజు. అలాంటి ఇంట్లోకి ఆయన వచ్చి, పొద్దున ఆరుకు అందరూ లేవాలన్నారు, చెప్పులు వరుసలో ఉండాలన్నారు, లెక్కల పుస్తకం తనకిమ్మన్నారు. పిల్లలు నాన్న గదిలోకొస్తే మాట ఆపేసేవాళ్లు. "ఇన్నాళ్లు నేను చూడలేదా ఏవిటండీ?" అని పిన్ని ఒకే ఒక్కసారి అంది. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇంట్లో ఆయన స్థానం ఏమిటో ఎవరూ అనుకుని పెట్టుకోలేదు, అంతే. డిశ్చార్జికి ముందు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఒకరుంటే, సగం ఇళ్లలో సగం గొడవలు ఉండవు.

కొందరి విషయంలో ఇది సర్దుబాటుతో తీరేది కాదు. కశ్మీరులోనో ఈశాన్యంలోనో ఏళ్లపాటు రాత్రి కాపలా కాసినవాడికి కుక్క మొరిగితే మెలకువ వస్తుంది. దీపావళి నాడు ఊరు వదిలి పొలంలో పడుకునే మనిషిని నేను చూశాను. పక్కన నిలబడ్డవాడు పడిపోవడం చూసినవాడికి ఆ దృశ్యం నిద్రలో మళ్లీమళ్లీ వస్తుంది. 1980లో అమెరికా మానసిక వైద్యులు పీటీఎస్‌డీ అని పేరు పెట్టి దీన్ని జబ్బుల జాబితాలో చేర్చారు. మన ఊళ్లలో దీనికి "ఆర్మీ కోపం" అనే పేరు ఉంది, క్యాంటీన్ రమ్ము మందు. మాజీ సైనికులందరూ ఇలా ఉంటారనుకోవడం పెద్ద పొరపాటు, ఎక్కువమంది నెమ్మదిగా కుదురుకుంటారు. కుదురుకోనివాడి ఇంట్లో మాత్రం దెబ్బలు తినేది భార్య. "సరిహద్దులో కష్టపడొచ్చాడు, నువ్వే సర్దుకోవాలి" అని ఆవిడతో అనడం ఆయనకూ మేలు చెయ్యదు. కోపానికి, తాగుడికి, నిద్రలేమికి వైద్యం ఉంది. ఈసీహెచ్ఎస్‌లో మానసిక వైద్యమూ వస్తుంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆయన చెయ్యకపోతే ఇంట్లోవాళ్లు చేసినా వింటారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లిన ఊరు, ఊళ్లో అమరుల స్మారకం ఉంది. అలాంటి చోటికి తిరిగొచ్చినవాడు తన ర్యాంకు ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అరుగు మీద కూర్చున్న తాతలు అదే దారిన వచ్చినవాళ్లు. మిగతా ఊళ్లలో మాజీ సైనికుడు ఒంటరి. "మిలటరీ సుబ్బారావు" అని ముందొక మాట తగిలించి పిలుస్తారు, దూరం నుంచే గౌరవిస్తారు. ఆ దూరమే ఆయన్ను ఒంటరిని చేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా పింఛనున్నవాళ్ల కథ. కుర్రాళ్లను నాలుగేళ్లకే సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించడంతో కొత్త కథ మొదలైంది. ఆ మూడో రోజునే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్లో ఆందోళన చేసిన కుర్రాళ్ల మీద కాల్పులు జరిగాయి, వరంగల్ ప్రాంతం కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. వాళ్ల భయమంతా నాలుగేళ్ల తర్వాత ఏమిటన్నదే. పథకం ప్రకారం నూటికి పాతిక మంది వరకు సైన్యంలో ఉంటారు. మిగతావాళ్లు సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు తీసుకుని ఇంటికొస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ఇస్తామన్నారు. మొదటి జట్టు 2022 చివర్లో, 2023 జనవరిలో శిక్షణకు చేరింది కాబట్టి నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 మొదట్లో ముగుస్తుంది.

వీళ్లు పాతికేళ్లకు అటూ ఇటూగా ఉన్నవాళ్లు. ఇంకో బతుకు మొదలుపెట్టే ఓపిక ఉంది, అది నిజం. నాకున్న దిగులు వేరు. మా బాబాయి తరానికి కనీసం తట్టడానికి ఒక తలుపుంది. వీళ్లకు జిల్లా సైనిక కార్యాలయం తలుపు కూడా తమదని చెప్పుకునే హక్కు లేదు. ఇంటర్ చదివి వెళ్లి, స్నేహితులు డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఊరికొచ్చిన కుర్రాడికి "నిన్ను ఉంచుకోలేదట కదా" అనే మాట ఎదురవుతుంది. చేతిలో ఒకేసారి పడ్డ పదకొండు లక్షల కోసం చుట్టాలు, ప్లాట్లు అమ్మేవాళ్లు, ఆన్‌లైన్ ట్రేడింగు నేర్పుతామనేవాళ్లు చుట్టూ చేరతారు. హోదా ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ కార్యాలయాల్లో వీళ్ల పేర్లు రాసుకుని సలహా చెప్పేందుకు రెండు రాష్ట్రాలూ ఏర్పాటు చేయాలని నా కోరిక. దానికయ్యే ఖర్చు ఒక రిజిస్టరు, ఒక మనిషి.

మా బాబాయి సంగతి చెప్పడం మిగిలింది. తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం పక్క మండలం నుంచి రిటైర్డ్ సుబేదారొకాయన టీవీఎస్ మోపెడ్ మీద వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఎవరి ద్వారానో విన్నారట. మజ్జిగ తాగి, రెండు గంటలు హిందీలోనే ఏదో మాట్లాడారు. మధ్యలో ఒకసారి బాబాయి పెద్దగా నవ్వారు. వంటింట్లో ఉన్న పిన్ని చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ల తర్వాత విందో ఆ నవ్వు. మర్నాడు ఇద్దరూ కలిసి జిల్లా కేంద్రానికి వెళ్లారు, పదిహేను రోజులకు మళ్లీ వెళ్లారు. ఆ ఏడాది చివర బ్యాంకు గార్డు ఉద్యోగానికి కాగితాలు కదిలాయి. బట్టలు ఎప్పుడు బీరువాలోకి మారాయో పిన్నికే సరిగా గుర్తులేదు. ఇప్పుడా ట్రంకు పెట్టెలో కందిపప్పు, మినప్పప్పు పోసుకుంటోంది. పురుగు పట్టదట.

పోయిన నెల మా పక్కూరికి ఒక నాయక్ డిశ్చార్జి అయి వచ్చాడని తెలిసి బాబాయి బండి తీశారు, నన్నూ వెనక ఎక్కించుకున్నారు. వరండాలో కొత్తగా దించిన నల్ల పెట్టె ఇంకా తాళంతోనే ఉంది. ఆ కుర్రాడు లేచి అటెన్షన్‌లో నిలబడి "రామ్ రామ్ సాబ్" అన్నాడు. బాబాయి అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, నీళ్లు తాగి, మొదటి ప్రశ్న అడిగారు.

"డిశ్చార్జి బుక్ తీసుకురా నాన్నా. మీ ఆవిడ పేరు అందులో ఎలా రాశారో చూద్దాం."